హీప్ పెంచాక సర్వర్ ఇంకా త్వరగా ఎందుకు పడిపోతోంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 8 జీబీ మెమరీ ఉన్న వర్చువల్ మెషీన్ మీద స్ప్రింగ్ బూట్‌తో (జావా వెబ్ అప్లికేషన్లు రాసే ఫ్రేమ్‌వర్క్) చేసిన ఒక అప్లికేషన్ నడుస్తోంది. జావా జేడీకే 17, లోపల టామ్‌క్యాట్ వెబ్ సర్వర్, డేటాబేస్ వేరే సర్వర్‌లో ఉంది. విద్యార్థుల దరఖాస్తులు తీసుకునే సైటు కాబట్టి ఉదయం పదిన్నర ప్రాంతంలో రద్దీ ఒక్కసారిగా పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే ప్రాసెస్ చెప్పాపెట్టకుండా ఆగిపోతోంది. జావా ప్రోగ్రామ్ తన వస్తువులు (ఆబ్జెక్టులు) పెట్టుకునే మెమరీని హీప్ అంటాం. దాని గరిష్ఠ పరిమితిని, అంటే ఎక్స్‌ఎంఎక్స్‌ను, 6 జీబీ నుంచి 7 జీబీకి పెంచారు. అప్పటినుంచి ఇంకా త్వరగా పోతోంది. లాగ్‌లో ఎర్రర్ లేదు, హీప్‌లో ఉన్నదంతా రాసిపెట్టే హీప్ డంప్ ఫైలూ పడలేదు. 16 జీబీ మెషీన్ అడగమంటారా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే అడగకండి. ముందు హీప్‌ను 5 జీబీకి తగ్గించండి, మీరు 800 చేసిన టామ్‌క్యాట్ థ్రెడ్లను (ఒక్కో రిక్వెస్టును ఒక్కో థ్రెడ్ చూసుకుంటుంది) మళ్ళీ 200కు తీసుకురండి. చాలావరకు ఈ రెండింటితోనే నిలబడుతుంది. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే కారణం తెలియకుండా అంకెలు మార్చుకుంటూ పోతే వచ్చే నెల మళ్ళీ ఇదే టెన్షన్.

మొట్టమొదట తేల్చుకోవాల్సింది ప్రాసెస్‌ను ఎవరు చంపారన్నది. జావా ప్రాసెస్ మెమరీ వల్ల రెండు రకాలుగా పోతుంది. ఒకటి, హీప్ నిండిపోయి జేవీఎం, అంటే జావా ప్రోగ్రామును నడిపే ఇంజిన్, తనంతట తానే అవుట్ ఆఫ్ మెమరీ ఎర్రర్ విసరడం. అప్పుడు లాగ్‌లో ఆ మాట ఉంటుంది, ఆప్షన్ పెట్టుకుని ఉంటే హీప్ డంప్ కూడా పడుతుంది. రెండోది, మెషీన్ మొత్తం మీద మెమరీ అయిపోయి లైనక్స్ కెర్నల్ తానే ఒక ప్రాసెస్‌ను ఎంచుకుని చంపేయడం. దీన్నే ఓఓఎం కిల్లర్ అంటాం. అది పంపేది 9వ నంబర్ సిగ్నల్. ఆ సిగ్నల్ వస్తే ఏ ప్రోగ్రామూ చివరి మాట చెప్పుకోలేదు, లాగ్ రాయలేదు, డంప్ తీయలేదు. మీ సర్వర్‌లో జరుగుతున్నది అచ్చంగా ఇదే అనిపిస్తోంది. రూఢి చేసుకోవడానికి కెర్నల్ సందేశాలు చూపించే డీమెస్గ్ కమాండ్ ఇచ్చి, ‘అవుట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్’ అన్న లైను కోసం వెతకండి. పక్కనే జావా పేరు, అనాన్ ఆర్‌ఎస్‌ఎస్ అన్న అంకె కనిపిస్తాయి. చనిపోయే క్షణానికి ప్రాసెస్ నిజంగా వాడుతున్న మెమరీ అది, కిలోబైట్లలో ఉంటుంది. లైనక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ కింద నడుపుతుంటే స్టేటస్‌లో సిగ్నల్ 9 అని కనిపిస్తుంది. కంటైనర్ అయితే ఎగ్జిట్ కోడ్ 137 వస్తుంది, అంటే 128కి 9 కలిపినది.

ఆ లైను కనిపించిందంటే విషయం తేలిపోయినట్టే. మీకు హీప్ చాలక కాదు, హీప్‌కు బయట చోటు చాలక ప్రాసెస్ పోతోంది. హీప్‌ను 6 నుంచి 7కి పెంచడమంటే అసలే ఇరుకుగా ఉన్న ఆ బయటి చోటులోంచి ఇంకో 1 జీబీ లాక్కోవడం.

ఎకరం పొలం కొన్నంత మాత్రాన ఎకరమంతా వరి పండదు, గట్లూ కాలువా కళ్ళమూ పోగా మిగిలిందే మడి. 8 జీబీ మెషీన్ కూడా అంతే. ముందు ఆపరేటింగ్ సిస్టమ్‌కు, మానిటరింగ్ ఏజెంట్‌కు, లాగ్‌లు పంపే ప్రోగ్రామ్‌కు, మీ సంస్థవాళ్ళు పెట్టిన యాంటీవైరస్‌కు కలిపి కొంత పోతుంది. మిగిలింది కూడా మొత్తం హీప్‌ది కాదు, జేవీఎంలో హీప్ ఒక భాగం మాత్రమే. క్లాసుల వివరాలు ఉండే మెటాస్పేస్ బయట ఉంటుంది. 2014లో వచ్చిన జావా 8 నుంచి పాత పెర్మ్‌జెన్ పోయి ఇది వచ్చింది, దీనికి డిఫాల్ట్‌గా పై హద్దు లేదు. స్ప్రింగ్, హైబర్నేట్ (డేటాబేస్ పని చూసుకునే లైబ్రరీ) కలిసిన అప్లికేషన్‌లో ఇది 150 నుంచి 250 ఎంబీ తినడం మామూలే. వేగం కోసం మెషీన్ కోడ్‌గా మార్చిన మెథడ్లు కోడ్ క్యాష్‌లో ఉంటాయి, దాని డిఫాల్ట్ హద్దు 240 ఎంబీ. వాడకం అయిపోయిన వస్తువులను ఊడ్చేసే గార్బేజ్ కలెక్టర్‌కు, అంటే జీసీకి, సొంత లెక్కల పుస్తకాలు ఉంటాయి. జీ1 కలెక్టర్ ఏ వస్తువు బతికుందో గుర్తు పెట్టుకునే బిట్‌మ్యాప్ ఒక్కోటి హీప్‌లో 64వ వంతు ఉంటుంది. మీ జేడీకే 17లో అవి రెండు (జేడీకే 20 నుంచి ఒకటే సరిపోతోంది). 7 జీబీ హీప్‌కు ఆ రెండే 220 ఎంబీ దాటుతాయి, మిగతా జీసీ పట్టికలు వేరే. అంటే హీప్ పెంచినప్పుడల్లా హీప్ బయటి ఖర్చు కూడా కొంత పెరుగుతుంది. దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు.

మరి ఉదయం స్టార్ట్ చేసినప్పుడు ఎందుకు బాగానే లేచింది? లైనక్స్‌లో మెమరీ అడగడం వేరు, వాడడం వేరు. 7 జీబీ కావాలని జేవీఎం అడిగితే కెర్నల్ సరేనంటుంది. ఆ పేజీలను నిజంగా తాకినప్పుడే అసలు మెమరీ ఇస్తుంది. పైగా హీప్‌లో ఖాళీ ఉన్నంతసేపూ జీసీ తొందరపడదు. పరిమితి 7 అని చెప్పారు కాబట్టి, రద్దీ వచ్చినప్పుడు 7 దాకా పోవడానికి దానికి అనుమతి ఉంది, పోతుంది. అక్కడికి చేరకముందే కెర్నల్ దగ్గర సరుకు అయిపోతోంది. 6 జీబీ ఉన్నప్పుడు అదే చావు కొంచెం ఆలస్యంగా వచ్చేది, అంతే తేడా.

ఇక థ్రెడ్ల సంగతి. మీ సమస్యకు అసలు మూలం ఇదేనని నా నమ్మకం, అందుకే దీని మీద ఎక్కువసేపు ఆగుతాను. టామ్‌క్యాట్ డిఫాల్ట్ గరిష్ఠం 200 థ్రెడ్లు. రిక్వెస్టులు ఆలస్యం అవుతున్నాయని మీరు దాన్ని 800 చేశారు. డేటాబేస్ కనెక్షన్ పూల్ (తెరిచి ఉంచిన కనెక్షన్ల గుంపు) మాత్రం ముట్టుకోలేదని రాశారు. స్ప్రింగ్ బూట్ వాడే హికారీ పూల్ డిఫాల్ట్ పరిమాణం 10. ఇప్పుడు రద్దీ సమయంలో ఏమవుతుందో చూడండి. 800 రిక్వెస్టులు లోపలికి వస్తాయి. పది రిక్వెస్టులకే కనెక్షన్ దొరుకుతుంది. మిగతా 790 క్యూలో నిలబడతాయి. హికారీ డిఫాల్ట్ ప్రకారం కనెక్షన్ కోసం 30 సెకన్ల దాకా ఎదురుచూస్తాయి. నిలబడ్డ ప్రతి రిక్వెస్టూ తన వస్తువులన్నీ చేత్తో పట్టుకునే నిలబడుతుంది. ఫారంలోని డేటా, సెషన్, అప్‌లోడ్ చేసిన ఫొటో బైట్లు, అన్నీ.

మామూలుగా ఒక రిక్వెస్టు అర సెకనులో అయిపోతే దాని వస్తువులు యంగ్ జెనరేషన్‌లోనే, అంటే హీప్‌లో కొత్త వస్తువుల భాగంలోనే, పుట్టి అక్కడే పోతాయి, జీసీకి దాదాపు ఖర్చే ఉండదు. 30 సెకన్లు నిలబడితే ఈలోగా చాలా యంగ్ కలెక్షన్లు జరుగుతాయి, ఆ వస్తువులన్నీ బతికి బయటపడి, ఎక్కువకాలం ఉండేవాటి కోసం ఉన్న ఓల్డ్ జెనరేషన్‌లోకి ఎక్కుతాయి. అలా థ్రెడ్ల సంఖ్య పెంచడం వల్ల హీప్‌లో బతికున్న సరుకు పెరుగుతుంది. అది చూసి హీప్ చాలట్లేదనుకుని హీప్ పెంచుతాం. ఒక్కో థ్రెడ్ తన కాల్స్ వివరాలు పెట్టుకునే స్టాకులు వేరే. 64 బిట్ లైనక్స్‌లో ఒక్కో థ్రెడ్ స్టాక్‌కు డిఫాల్ట్ హద్దు 1 ఎంబీ. తాకిన మేరకే ఖర్చవుతుంది కాబట్టి 800 థ్రెడ్లంటే 800 ఎంబీ కాదు గానీ, స్ప్రింగ్ ఫిల్టర్లు, హైబర్నేట్ పొరలు దాటుకుంటూ లోతుగా పోయే కాల్స్ వల్ల ఒక్కోటి కొన్ని వందల కేబీ తాకడం ఖాయం. అన్నీ కలిస్తే మీ దగ్గర లేని చోటు అది.

కాబట్టి 200కు తగ్గించండి. లోపల చోటు లేనివి టామ్‌క్యాట్ గుమ్మం దగ్గర కనెక్షన్‌గా ఆగుతాయి. అక్కడ ఆగే కనెక్షన్‌కు అయ్యే మెమరీ, లోపల థ్రెడ్ పట్టుకుని ఆగే రిక్వెస్టుకయ్యే మెమరీతో పోలిస్తే చాలా తక్కువ. కనెక్షన్ పూల్‌ను 10 నుంచి 20 లేదా 30కి పెంచి చూడండి, డేటాబేస్ సర్వర్ తట్టుకుంటుందో లేదో ఆ టీమ్‌ను అడిగి. కనెక్షన్ కోసం ఎదురుచూసే సమయాన్ని 30 సెకన్ల నుంచి 5కి దించండి. అంతసేపు ఆగిన విద్యార్థి ఎలాగూ రిఫ్రెష్ కొట్టేసి ఉంటాడు, దాంతో ఇంకో రిక్వెస్టు వచ్చి ఉంటుంది. పాతది ఇంకా మెమరీ పట్టుకుని కూర్చోవడంలో ఎవరికీ లాభం లేదు.

ఇప్పుడు హీప్ ఎంత పెట్టాలన్న లెక్క. మెషీన్ సైజు చూసి హీప్ నిర్ణయించడం తప్పు దారి. అప్లికేషన్‌లో నిజంగా బతికుండే సరుకు ఎంతో చూసి నిర్ణయించాలి. దాన్ని లైవ్ సెట్ అంటాం. రద్దీ నడుస్తున్నప్పుడు ఒక ఫుల్ జీసీ, అంటే హీప్ మొత్తాన్నీ ఊడ్చే కలెక్షన్, జరిగిన వెంటనే హీప్‌లో మిగిలినదే లైవ్ సెట్. ఫుల్ జీసీ తర్వాత 1.4 జీబీ దగ్గర ఆగుతోందని మీరే మీ పోస్టు చివర్లో రాశారు. మీ ప్రశ్న మొత్తంలో అన్నిటికంటే విలువైన అంకె అది. వాడుకలో ఉన్న లెక్క ఏమిటంటే హీప్ లైవ్ సెట్‌కు మూడు నాలుగు రెట్లు ఉంటే జీసీకి ఊపిరి ఆడుతుంది. మీకు 4.2 నుంచి 5.6 మధ్య. అందుకే 5 అన్నాను. థ్రెడ్లు తగ్గాక ఆ 1.4 కూడా తగ్గుతుంది. 5 జీబీ హీప్ పోగా 3 జీబీ మిగులుతుంది. అందులో జేవీఎం బయటి ఖర్చుకు సుమారు 1.2 నుంచి 1.5, మిగతాది ఆపరేటింగ్ సిస్టమ్‌కు, ఇతర ఏజెంట్లకు, ఫైల్ క్యాష్‌కు.

ప్రారంభ హీప్ ఎక్స్‌ఎంఎస్‌ను కూడా 5 జీబీయే పెట్టండి. సర్వర్‌లో ఈ రెండూ సమానంగా ఉంచడం మంచిది, రద్దీ మధ్యలో హీప్ సాగదీసే పని ఉండదు. దానితోపాటు ఆల్వేస్ ప్రీటచ్ ఆప్షన్ కూడా పెట్టమంటాను. అది స్టార్టప్‌లోనే హీప్ పేజీలన్నింటినీ తాకి వస్తుంది. లేవడం కొన్ని సెకన్లు ఆలస్యం అవుతుంది. కానీ చోటు చాలకపోతే ఆ సంగతి రాత్రి డిప్లాయ్ చేసేటప్పుడే తెలిసిపోతుంది. పదిన్నరకు వేలమంది పిల్లలు ఫీజు కట్టే బటన్ నొక్కుతున్నప్పుడు తెలియడం కంటే అది ఎంతో నయం.

హీప్‌కు హద్దు పెట్టినట్టే బయటి భాగాలకూ హద్దులు పెట్టండి. దీన్ని నేను చాలా గట్టిగా నమ్ముతాను. మెటాస్పేస్‌కు 384 ఎంబీ గరిష్ఠం, డైరెక్ట్ మెమరీకి 256 ఎంబీ గరిష్ఠం. డైరెక్ట్ మెమరీ అంటే ఫైళ్ళు, నెట్‌వర్క్ కోసం హీప్ బయట తీసుకునే బఫర్లు. దాని డిఫాల్ట్ హద్దు ఎంతో తెలుసా, మీ ఎక్స్‌ఎంఎక్స్ ఎంతో అంత. అంటే 7 జీబీ హీప్ పెట్టినప్పుడు డైరెక్ట్ బఫర్లు ఇంకో 7 జీబీ దాకా పెరగడానికి మీకు తెలియకుండానే అనుమతి ఇచ్చారు. హద్దులు పెడితే మెమరీ ఆదా అవుతుందని కాదు నేను చెప్పేది. హద్దు ఉన్న భాగం పొంగినప్పుడు జేవీఎం తన నోటితోనే చెబుతుంది, ‘మెటాస్పేస్ అయిపోయింది’ అనో ‘డైరెక్ట్ బఫర్ మెమరీ అయిపోయింది’ అనో. హద్దు లేకపోతే కెర్నల్ వచ్చి మాటామంతీ లేకుండా చంపేస్తుంది, మీరు మళ్ళీ చీకట్లో వెతుక్కోవాలి.

అవుట్ ఆఫ్ మెమరీ వస్తే హీప్ డంప్ తీసే ఆప్షన్ మీ దగ్గర ఉంది, దాన్ని అలాగే ఉంచండి. ఆ ఎర్రర్ వచ్చాక ప్రాసెస్‌ను ఆపేసే ఎగ్జిట్ ఆన్ అవుట్ ఆఫ్ మెమరీ కూడా జోడించండి. ఒకసారి హీప్ అయిపోయిన జేవీఎం సగం ప్రాణంతో నడుస్తుంటుంది, ఏదో ఒక థ్రెడ్ చచ్చిపోయి ఉంటుంది, ఏది సగంలో ఆగిందో తెలియదు. ఫీజులు తీసుకునే సైటును ఆ స్థితిలో నడపడం ప్రమాదం. డంప్ పడ్డాక ప్రాసెస్ ఆగిపోతే, రీస్టార్ట్ సెట్టింగ్ పెట్టి ఉంటే సిస్టమ్‌డీ మళ్ళీ లేపుతుంది. డంప్ ఫైలు హీప్ అంత పెద్దది కాగలదు, ఆ డిస్కులో చోటుందో లేదో చూసుకోండి. ఇంకో మాట. ఆ డంప్‌లో విద్యార్థుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు, బహుశా పాస్‌వర్డ్లు కూడా ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. ఆన్‌లైన్‌లో విశ్లేషించి పెట్టే సైట్లకు అప్‌లోడ్ చేయకండి. డంప్‌ను విశ్లేషించే ఎక్లిప్స్ మ్యాట్‌ను మీ సొంత మెషీన్‌లో పెట్టుకుని తెరవండి.

మీరు పంపిన ఆప్షన్ల జాబితాలో కొన్ని తీసేయాల్సినవి ఉన్నాయి. యంగ్ జెనరేషన్ సైజును ఎక్స్‌ఎంఎన్‌తో 3 జీబీకి కట్టేశారు. పాత కలెక్టర్లతో అది మంచి పద్ధతే. జేడీకే 9 నుంచి డిఫాల్ట్ అయిన జీ1 మాత్రం పాజ్ సమయాన్ని, అంటే జీసీ కోసం అప్లికేషన్ ఆగే సమయాన్ని, తన లక్ష్యంలో ఉంచుకోవడానికి యంగ్ సైజును తానే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఆ లక్ష్యం డిఫాల్ట్‌గా 200 మిల్లీసెకన్లు. మీరు సైజు కట్టేస్తే ఆ పని చేయలేదు. కాబట్టి తీసేయండి. సీఎంఎస్ అనే పాత కలెక్టర్ గురించి మీ పాత స్క్రిప్టులో కామెంట్ చేసిన లైను కూడా చెరిపేయండి. ఆ కలెక్టర్‌ను 2020లో జేడీకే 14లోనే తొలగించారు, పొరపాటున ఎవరైనా కామెంట్ తీసేస్తే సర్వర్ లేవదు.

పాజ్ లక్ష్యాన్ని 50కి దించాలా అని కూడా అడిగారు. దించకండి. దరఖాస్తు ఫారానికి 200 మిల్లీసెకన్లు ఏ విద్యార్థికీ తెలియవు. లక్ష్యం బిగించేకొద్దీ యంగ్ చిన్నదవుతుంది, జీసీ తరచుగా నడుస్తుంది, అప్లికేషన్ చేయగలిగే మొత్తం పని తగ్గుతుంది.

జీ1తో మీ అప్లికేషన్‌లో ఒకటి మాత్రం చూడాలి. జీ1 హీప్‌ను సమాన ముక్కలుగా, అంటే రీజియన్లుగా, కోస్తుంది. రీజియన్‌లో సగం లేదా అంతకు మించిన ఏ ఒక్క వస్తువైనా హ్యూమంగస్ అవుతుంది. దానికి నేరుగా ఓల్డ్ వైపు వరుసగా ఉన్న పూర్తి రీజియన్లు కేటాయించాలి. ఫొటోను, మార్కుల జాబితాను మొత్తం ఒకే బైట్ అర్రేగా చదువుతున్నారు కదా, 3 ఎంబీ ఫైలు అంటే మీ హీప్‌లో అది కచ్చితంగా హ్యూమంగసే. జీసీ లాగ్‌లో ‘జీ1 హ్యూమంగస్ అలొకేషన్’ అన్న కారణం పదేపదే కనిపిస్తే రీజియన్ సైజును 8 ఎంబీ చేయండి, 4 ఎంబీ లోపు అర్రేలు మామూలు వస్తువులైపోతాయి. ఇంతకంటే మంచి మందు కోడ్‌లోనే ఉంది. ఫైలు మొత్తం మెమరీలోకి తేకుండా వచ్చింది వచ్చినట్టు డిస్కుకు పంపేయండి.

ఇవన్నీ కళ్ళతో చూడాలంటే రెండు కావాలి. ఒకటి జీసీ లాగ్. జేడీకే 9 నుంచి ఎక్స్‌లాగ్ ఆప్షన్‌తో ఫైలులోకి రాయించుకోవచ్చు, ఒక ఫైలు నిండితే పాతవాటి స్థానంలో కొత్తది వచ్చేలా (రొటేషన్) పెట్టుకోవచ్చు. ప్రొడక్షన్‌లో ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచండి, ఖర్చు లెక్కలోకి రానంత. అందులో నేను మొదట చూసేది పాజ్ సమయాన్ని కాదు, కలెక్షన్ అయ్యాక మిగిలిన సైజును. ఆ అడుగు గీత రోజంతా సమతలంగా ఉంటే ఆరోగ్యం. రద్దీలో పెరిగి తర్వాత దిగితే థ్రెడ్లో సెషన్లో పట్టుకుని ఉన్నాయని అర్థం. దిగకుండా రోజురోజుకూ పైకే పోతుంటే లీకు, అంటే అక్కర్లేని వస్తువులను కోడ్ వదలకపోవడం, దానికి ఏ సెట్టింగూ పనిచేయదు.

రెండోది నేటివ్ మెమరీ ట్రాకింగ్. దాన్ని సమ్మరీ స్థాయిలో ఆన్ చేసి సర్వర్ లేపండి. 5 నుంచి 10 శాతం దాకా వేగం తగ్గవచ్చని జావా డాక్యుమెంట్లే చెబుతాయి కాబట్టి, సమస్య తేలేదాకా ఉంచి తీసేయండి. జేడీకేతో వచ్చే జేసీఎండీ కమాండ్‌తో ఉదయం ఎనిమిదింటికి ఒక బేస్‌లైన్ పెట్టుకోండి, పదిన్నరకు తేడా అడగండి. హీప్, క్లాసులు, థ్రెడ్లు, కోడ్, జీసీ, ఏది ఎంత పెరిగిందో వరుసగా చూపిస్తుంది. రిజర్వ్‌డ్ (అడిగి ఉంచిన చోటు) అన్న అంకె చూసి కంగారు పడకండి, కమిటెడ్ (వాడుకోవడానికి తీసుకున్నది) అన్నదే చూడండి. ఆ మొత్తాన్ని టాప్ కమాండ్‌లో ఆర్‌ఈఎస్ కింద కనిపించే ఆర్‌ఎస్‌ఎస్‌తో, అంటే ప్రాసెస్ నిజంగా వాడుతున్న మెమరీతో, పోల్చండి.

ఆర్‌ఎస్‌ఎస్ ఆ మొత్తం కంటే వందల ఎంబీ ఎక్కువ ఉంటే దోషి జేవీఎం లెక్కకు అందని చోట ఉన్నట్టు. చాలాసార్లు అది జీలిబ్‌సీ మాలక్, అంటే లైనక్స్ సీ లైబ్రరీలో మెమరీ పంచే భాగం. థ్రెడ్లు ఒకదాని కోసం ఒకటి ఆగకుండా ఉండడానికి అది ఎరీనాలు అనే విడి కొట్లు తెరుస్తుంది. 64 బిట్ మెషీన్‌లో ఒక్కో కోర్‌కు 8 ఎరీనాల దాకా. 4 కోర్ల మీ మెషీన్‌లో 32. విడుదల చేసిన ముక్కలు ఆ కొట్లలోనే ఇరుక్కుని ఆపరేటింగ్ సిస్టమ్‌కు తిరిగి రావు. మాలక్ ఎరీనా మ్యాక్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 2 అని పెట్టి జావా లేపండి. చాలా సర్వర్లలో దీనివల్ల ఆర్‌ఎస్‌ఎస్ గట్టిగా దిగుతుంది. జేవీఎం హీప్‌లోని జావా వస్తువులను మాలక్‌తో కేటాయించదు కాబట్టి మామూలు జావా అప్లికేషన్ వేగంలో తేడా దాదాపు కనిపించదు.

వర్చువల్ మెషీన్ కాబట్టి ఇంకో పొర కూడా ఉంది, దీన్ని మీరు మీ మెషీన్ లోపలినుంచి సరిచేయలేరు. వీఎంవేర్ లాంటి హోస్టుల మీద మెమరీని ఉన్నదానికంటే ఎక్కువగా పంచిపెట్టడం మామూలు. హోస్టులో చోటు ఇరుకైతే బలూన్ డ్రైవర్ మీ మెషీన్ లోపల మెమరీని ఉబ్బించి పట్టుకుని హోస్టుకు ఇచ్చేస్తుంది. మీరు 8 జీబీ ఉందనుకుంటారు, నిజానికి 6 మాత్రమే వాడుకోగలుగుతారు. జావాకు ఇది మిగతా ప్రోగ్రాముల కంటే ఎక్కువ బాధ, ఎందుకంటే జీసీ వచ్చినప్పుడు బతికున్న వస్తువులున్న చాలా పేజీలను చుట్టి వస్తుంది. అందులో కొన్ని స్వాప్‌లో, అంటే డిస్కు మీదకు తోసేసిన మెమరీలో, ఉంటే అక్కడే ఆగిపోతుంది. జీసీ లాగ్‌లో ఒక పాజ్‌కు సీపీయూ వాడిన సమయం అర సెకను కూడా లేకుండా, గడియారం సమయం ఎనిమిది సెకన్లు కనిపిస్తే జీసీని తిట్టకండి. అది స్వాప్ అయినా అయ్యుండాలి, సీపీయూ దొరకకపోవడమైనా అయ్యుండాలి. వీఎంవేర్ టూల్‌బాక్స్ కమాండ్‌కు స్టాట్ బలూన్ అని ఇస్తే బలూన్ ఎంత ఉబ్బిందో చూపిస్తుంది. సున్నా కాకపోతే ఇన్‌ఫ్రా టీమ్‌ను ఈ మెషీన్‌కు పూర్తి మెమరీ రిజర్వేషన్ అడగండి. 16 జీబీ అడగడం కంటే ఉన్న 8 జీబీ నిజంగా ఇవ్వమని అడగడం న్యాయం, ఒప్పించడమూ సులువు.

మీ సైటులో పేర్లు, చిరునామాలు తెలుగులో తీసుకుంటున్నారని చూశాను కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్పాలి. జేడీకే 9 నుంచి జావా స్ట్రింగులు చిన్నవయ్యాయి. ఇంగ్లిష్ అక్షరాలే ఉన్న స్ట్రింగుకు అక్షరానికి ఒక బైటు. కానీ ఒక్క తెలుగు అక్షరం ఉన్నా ఆ స్ట్రింగు మొత్తం అక్షరానికి రెండు బైట్ల లెక్కకు మారిపోతుంది, అందులోని ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలతో సహా. పైగా ‘శ్రీ’ అని మనకు ఒకటిగా కనిపించేది మెమరీలో నాలుగు కోడ్‌లు. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. రెండేసి బైట్ల చొప్పున ఎనిమిది బైట్లు. బయటికి జేసన్‌గా పంపేటప్పుడు యూటీఎఫ్ 8లోకి మారితే ఒక్కో కోడ్‌కు మూడు బైట్ల చొప్పున పన్నెండు. లోడ్ టెస్టు మీరు ఇంగ్లిష్ డమ్మీ పేర్లతో చేశామని రాశారు. అలా కొలిచిన లైవ్ సెట్, అసలు డేటాతో వచ్చేదానికంటే తక్కువగానే ఉంటుంది. జిల్లాలు, మండలాలు, కాలేజీల జాబితాలను మెమరీలో క్యాష్ చేస్తుంటే తేడా ఇంకా కనిపిస్తుంది. తెలుగు పేర్లతో టెస్టు డేటా తయారు చేసుకుని మళ్ళీ కొలవండి.

కొన్నాళ్ళకు కంటైనర్లను నడిపే కుబర్నెటీస్‌కు మారతామన్నారు. అక్కడ కంటైనర్ మెమరీలో హీప్‌కు ఎంత శాతమో చెప్పే మ్యాక్స్ ర్యామ్ పర్సెంటేజ్ వాడతారు, డిఫాల్ట్ 25 శాతం. అందరూ దాన్ని 75 చేయమంటారు. పెద్ద కంటైనర్‌కు అది సరే. 512 ఎంబీ కంటైనర్‌కు 75 శాతం ఇస్తే మిగిలేది 128 ఎంబీ, అందులో స్ప్రింగ్ మెటాస్పేసే పట్టదు. హీప్ బయటి ఖర్చు కంటైనర్ సైజుతో పాటు తగ్గదు కాబట్టి చిన్నవాటికి శాతాల మీద కాకుండా అంకెల మీద ఆలోచించండి. కంటైనర్‌కు రెండు సీపీయూల కంటే తక్కువ ఇచ్చినా, 1792 ఎంబీ కంటే తక్కువ మెమరీ ఇచ్చినా జేవీఎం జీ1ను వదిలేసి సీరియల్ కలెక్టర్‌ను ఎంచుకుంటుంది. జీ1 కావాలంటే ఆప్షన్ స్పష్టంగా రాయండి.

లైవ్ సెట్ దిగకుండా పైకే పోతుంటే మాత్రం పైవన్నీ పక్కన పెట్టి హీప్ డంప్ తెరవాలి. మీలాంటి అప్లికేషన్లలో నేను ముందు తడిమేవి మూడు. మొదటిది సెషన్‌లో దాచిన పెద్ద వస్తువులు. రెండోది పరిమితి లేని మ్యాపులను క్యాష్‌గా వాడడం. మూడోది హైబర్నేట్ క్వెరీ ప్లాన్ క్యాష్, అంటే ఒకసారి విడమరిచిన క్వెరీలను దాచుకునే చోటు. ఒక క్వెరీలో ‘ఇన్’ జాబితాకు ఒకసారి 17 ఐడీలు, ఒకసారి 18, ఇంకోసారి 240 ఇస్తుంటే హైబర్నేట్ ఒక్కోదాన్నీ కొత్త క్వెరీగా భావించి కొత్త ప్లాన్ దాచుకుంటుంది. డిఫాల్ట్‌గా 2048 ప్లాన్ల దాకా. ఒక్కో ప్లాన్ పెద్దదైతే వందల ఎంబీ అక్కడే కూర్చుంటాయి. ఇన్ క్లాజ్ పారామీటర్ ప్యాడింగ్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే ఐడీల సంఖ్యను 2, 4, 8, 16 ఇలా పై మెట్టుకు సర్ది, ప్లాన్ల సంఖ్యను గుప్పెడుకు తెస్తుంది.

ఈ రాత్రి థ్రెడ్లు, కనెక్షన్ పూల్, హీప్ 5 జీబీ, హద్దులు, జీసీ లాగ్, నేటివ్ ట్రాకింగ్ పెట్టి లేపండి. ఎరీనా సెట్టింగ్, రీజియన్ సైజు రేపటి అంకెలు చూశాకే. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. రేపు పదిన్నర దాటాక డీమెస్గ్ లైను, ఎనిమిదింటికీ పదిన్నరకూ మధ్య నేటివ్ తేడా, ఆ గంట జీసీ లాగ్ ఇక్కడ పెట్టండి. పెట్టేముందు హోస్ట్ పేర్లు, ఐపీలు తీసేయండి. చూసి చెబుతాను.